తెల్ల గుర్రం ఆయన

కొండల నడుమ ఉన్న కొచ్కోర్ ఊళ్లో కొత్త కోడలు కాపురానికొస్తే ఆమె వెనకాల పరుపులూ బొంతలూ దిళ్లూ వస్తాయి. వాటిని గోడ వారగా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. చూడవచ్చిన ఆడవాళ్లు ఆ ఎత్తును కంటితో కొలిచి, నోటితో మెచ్చుకుని, వీధిలోకి వెళ్లాక ఇంకో మాట చెప్పుకుంటారు. బేగిమాయ్ వెనకాల అవన్నీ వచ్చాయి. వాటితో పాటు రొట్టెల డబ్బా అంత నల్ల పెట్టె కూడా ఒకటి వచ్చింది. దానికి ముందు ఒక పచ్చదీపం, వెనక ఒక చిన్న ఫ్యాను. ఎప్పుడు విన్నా పిల్లి గురక పెడుతున్నట్టు చప్పుడు.

"ఏమే కోడలా," అంది కులీపా ఆ పెట్టెను చూసి, "మీ ఇంటికి కోడలొచ్చిందా, కరెంటాఫీసొచ్చిందా?"

కోడలా అన్నది బేగిమాయ్‌ని కాదు, జూరాని. జూరాకి అరవై నిండాయి, మోకాళ్లు అరిగాయి, ఇప్పుడు తనే అత్తగారైంది. అయినా మొగుడి అక్క కులీపాకి ఆమె నిన్నగాక మొన్న గడప దాటొచ్చిన కోడలే. చచ్చేదాకా అంతే. జూరా దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది.

"సినిమాలూ పాటలూ అందులో ఉంటాయట వదినా."

"ఇన్నాళ్లూ టీవీలో ఉన్నాయిగా? అక్కడ ఇరుకైందా వాటికి?"

పెళ్లికి ముందు బేగిమాయ్ రాజధానిలో పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించే కొట్లో పనిచేసింది. పెట్టె సంగతి ఆమె అత్తగారికి విడమరిచి చెప్పింది. "ఇంటికంతటికీ ఒక్కటే బావి అనుకోండి అత్తయ్యా. టీవీ వచ్చి ఇందులోంచే తోడుకుంటుంది, నా ఫోనూ తోడుకుంటుంది. మీ అబ్బాయి గని నుంచి వచ్చినప్పుడు ఆయన కంప్యూటరూ ఇక్కడికే వస్తుంది. ఎంత తోడినా తరగదు."

"ఎండిపోతేనో?"

"లోపల రెండు డిస్కులున్నాయి. ఒకటి పోయినా రెండోదాంట్లో మొత్తం ఉంటుంది."

పక్కనే కూర్చుని టీ తాగుతున్న మామగారు ఈ మాట విని నవ్వాడు. "నా మోకాళ్లకి కూడా అలాంటి ఏర్పాటు ఏదైనా ఉంటే చూడమ్మాయ్," అన్నాడు. ఆయన పశువుల డాక్టరు. జీపు వెళ్లని కొండ మేతల్లోకి గుర్రమెక్కి వెళ్లి, ఆ చుట్టుపక్కల పుట్టిన గుర్రప్పిల్లల్లో సగానికి సగం తన చేతుల మీదుగా భూమ్మీద పడేసినవాడు. ఆ తర్వాతి వసంతంలో, మంచు కరిగి వాగులు పొంగుతున్న రోజుల్లో, పెరట్లో జీను దులుపుతూ దులుపుతూ కూలబడిపోయాడు. రెండో డిస్కు లేదు.

ఆ ఏడు చలికాలం వచ్చాక బేగిమాయ్ ఇంట్లోని పాత వీడియో టేపులన్నీ బయటికి తీసింది. ఊయల పండగలు, పెళ్లిళ్లు, ఎవరిదో ఇల్లు కట్టిన విందు. కొన్నింటికి బూజు పట్టింది. రాజధాని నుంచి పాత యంత్రం ఒకటి తెప్పించి, ఒక్కొక్కదాన్నీ తుడిచి, ఆడించి, పెట్టెలోకి ఎక్కించింది. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. అంతకు ముందొకటి నిలవలేదు కాబట్టి బరువులెత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జూరా ఇంకా గట్టిగా చెప్పింది. అందుకని పిల్ల కూర్చుని చేసే పని పెట్టుకుంది.

"అయిపోయాయి అత్తయ్యా. ఈ టేపులతో ఇక పనిలేదు," అంది ఒకరోజు.

ఇల్లు శుభ్రంగా ఉండటం జూరాకి పిచ్చి. టేపులన్నీ సంచిలో కట్టి, చెత్తబండి రాగానే తన చేత్తోనే అందులోకి విసిరేసింది.

ఆ టేపుల్లో ఒకటుంది. మిగతావాటిలో పోయినాయన ఎక్కడో అంచున టోపీలా కనిపించి మాయమవుతాడు, కెమెరా అంటే ఆయనకి అంత చిరాకు. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఉన్నాడు. కొడుకు మక్సత్ ఎవరిదో కెమెరా అడిగి తెచ్చి, కొండ మేతలో తీశాడు. అందులో ఆయన మాట్లాడతాడు, నవ్వుతాడు. ఆయన గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

"మామయ్యది కూడా పెట్టాను అత్తయ్యా," అంది బేగిమాయ్, నేల చూస్తూ. "మీకు చూడాలనిపించినప్పుడు చూడండి. ఈ బొత్తాం నొక్కి పట్టుకుని, ఏం కావాలో దాని పేరు చెప్తే చాలు, అదే వెతికి తెస్తుంది."

జూరా "ఊఁ" అంది. కోడలి ముందు చూడటం ఆమెకిష్టం లేదు. ఎలా ఉంటానో ఏమోనని భయం. కోడలికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

గురువారం వచ్చింది. పోయినవాళ్ల కోసం ఇంట్లో నూనె కాచి, బోర్సోకులు వేయించి, ఆ వాసన వాళ్లకి చేరాలని ప్రార్థన చదువుకునే రోజు. బేగిమాయ్ ఆస్పత్రికి చూపించుకోవడానికి వెళ్లింది. జూరా పిండి ముక్కలు వేయించి, చేతులు కడుక్కుని, తలగుడ్డ సరిచేసుకుని, టీవీ ముందు కూర్చుంది. రిమోటు చేతిలోకి తీసుకుంది.

పేరు చెప్పాలి. అక్కడే వచ్చింది చిక్కు.

నలభై ఏళ్ల కాపురంలో జూరా మొగుడి పేరు ఒక్కసారి కూడా పలకలేదు. ఆమే కాదు, ఆ వీధిలో ఆమె ఈడు ఆడవాళ్లెవరూ పలకలేదు. మొగుడి పేరే కాదు, మామగారిది, అత్తగారిది, బావగార్లది, మొగుడి అక్కది, ఏదీ కోడలి నోట్లో పడకూడదు. కొత్తలో ఆయన్ని ఒక పేరుతో అనేది, కొడుకు పుట్టాక 'మక్సత్ నాన్న' అంది, ముసలితనంలో 'ఇదిగో' అంటే సరిపోయేది. ఆయన చచ్చిపోయిన రోజు ఏడుస్తూ కూడా పేరు పలకలేదు. కానీ యంత్రానికి ఇవన్నీ ఏం తెలుసు? దానికి అసలు పేరే కావాలి.

లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది. కిటికీ తెర కూడా లాగింది. పెళ్లికూతురిలా ముఖం వేడెక్కింది. బొత్తాం నొక్కిపెట్టి, రిమోటుని నోటి దగ్గరికి తెచ్చుకుని, మెల్లిగా అంది:

"కెరిమ్‌కుల్."

తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఆగింది. ఏమీ దొరకలేదు, అని వచ్చింది.

మెల్లిగా అన్నానేమో అనుకుని ఈసారి గట్టిగా అంది. ఏమీ దొరకలేదు. ఇంటిపేరు చేర్చి, ఆయన తండ్రి పేరు చేర్చి, ఆఫీసు కాగితాల్లో రాసేటట్టు మొత్తం అంది. ఏమీ దొరకలేదు. పక్కింటి కుక్క మొరుగుతోంది, ఇంట్లో నూనె వాసన, నలభై ఏళ్లు నోరు కట్టుకుని దాచిన పేరు మూడుసార్లు బయటపడింది. దానికి పలికేవాడు లేడు. జూరా రిమోటు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఎక్కలేదన్నమాట. ఆ టేపు ఎక్కలేదు. ఎక్కిందనుకుంది పిచ్చిపిల్ల. ఆ టేపును తనే తన చేత్తో చెత్తబండిలో వేసింది.

చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుంది. బేగిమాయ్ ఆస్పత్రి నుంచి వచ్చి, బిడ్డ గుండె గుర్రంలా కొట్టుకుంటోందని చెప్పి, సంతోషం పట్టలేక బోర్సోకు మీద బోర్సోకు తింటుంటే, జూరా ఆ ముఖం చూసి నిశ్చయించుకుంది. చెప్పను. చెబితే ఈ పిల్ల గుండె పగిలిపోతుంది. పోయినాయన ఎలాగూ పోయాడు, రాబోయే బిడ్డకి ఏమైనా అయితే ఆయన నన్ను పైన కూడా క్షమించడు. ఇంకో బోర్సోకు తీసి కోడలి చేతిలో పెట్టింది.

చలికాలమంతా ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నారు. అత్తగారి కళ్లు ఎర్రగా ఉన్న రోజు బేగిమాయ్, 'పాపం, మామయ్యని చూసుకుని ఉంటారు' అనుకుని, చప్పుడు చెయ్యకుండా పాలు ఎక్కువ పోసిన టీ తెచ్చి పెట్టేది. ఆ టీ చూసి జూరా, 'ఇంత మంచి పిల్లకి ఎలా చెప్పను' అనుకుని ఇంకా నోరు బిగించేది. గని నుంచి మక్సత్ వచ్చినప్పుడు "అమ్మా, నాన్న వీడియో చూశావా?" అని అడిగితే, "చూశాను, చూశాను, నువ్వు తిను," అంది.

సాయంత్రాలు టీవీ పెట్టుకోవడం మాత్రం మానలేదు. పెట్టెలోవన్నీ తెర మీద వరసగా బొమ్మలై కనిపించేవి. మొట్టమొదటి బొమ్మ ఎవడో పరదేశపు వాడిది. పెద్ద టోపీ, చేతిలో తుపాకీ, కళ్లు చికిలించి సూటిగా జూరానే చూస్తుంటాడు. కింద ఆమెకి రాని అక్షరాలు. వాడంటే ఆమెకి మంట. "నువ్వు మాత్రం భద్రంగా ఎక్కావు రా, టోపీవాడా," అని తిట్టి, వాణ్ని దాటుకుని పాటలకి పోయేది. వాణ్ని నొక్కి చూద్దామని ఆమెకి ఎందుకనిపిస్తుంది?

ఏడాది తిరిగింది. సంవత్సరీకపు విందుకి గుర్రాన్ని కోశారు, పెరట్లో గుడారం వేశారు, ఊరు ఊరంతా వచ్చి తిని, దువా చేసి వెళ్లింది. మిగిలింది దగ్గరి ఆడవాళ్లు. లోపలి గదిలో గుడ్డ పరిచి, చుట్టూ కూర్చుని, నడుములు వాల్చి టీ తాగుతున్నారు. బేగిమాయ్‌కి నెలలు నిండుతున్నాయి, అయినా మాట వినకుండా వంటింట్లోకీ గదిలోకీ తిరుగుతూనే ఉంది.

పెద్దలకి వదిలే పైచోట కూర్చున్న కులీపా గిన్నె కింద పెట్టింది. "ఏమే కోడలా, ఆ టీవీ పెట్టు. మా తమ్ముణ్ణి చూడాలి."

జూరా గబగబా ఆమె గిన్నెలో టీ పోసింది. "ఇప్పుడెందుకు వదినా, అందరూ అలిసిపోయారు."

"నేను అలిసిపోలేదు. కొండ మేతలో తీసిన వీడియో ఉందట, మక్సత్ చెప్పాడు. నీ కోడలు ఆ డబ్బాలో పెట్టిందట. ఏడాదైంది వాడి గొంతు విని. పెట్టు."

"టీవీ పాడైంది."

"పొద్దున పాటలొచ్చాయి. నా చెవులకి పాడవలేదు."

జూరా లేచింది. పరుపుల దొంతర పక్కకి వెళ్లి, పెట్టె ముందు అడ్డంగా నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టి వైరు లాగేసింది. పిల్లి గురక ఆగిపోయింది. పచ్చదీపం ఆరిపోయింది. ఇంత వయసొచ్చిన మనిషి చెయ్యదగ్గ పనేనా అది? ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

"ఏమైందే నీకు?" అంది కులీపా. ఆమె గొంతు మారింది. "నిజం చెప్పు. ఆ పిల్ల పోగొట్టింది, అవునా? టేపులు పారేయించింది, మా వాణ్ని ఆ రేకు డబ్బాలో వేసి పోగొట్టింది. నాకు మొదట్నించీ అనుమానమే. ఏదీ, పిలువు దాన్ని ఇలా."

"ఆ పిల్లనేం అనకు వదినా!" జూరా ఎప్పుడూ వదిన మీద గొంతు లేపలేదు, ఇప్పుడు లేపింది. "నేనే పోగొట్టాను. పెట్టె తుడుస్తూ ఏదో నొక్కాను, చెరిగిపోయింది. టేపు కూడా నేనే చెత్తలో వేశాను. నన్ను తిట్టు. ఎంత తిడతావో తిట్టు. ఆ పిల్లకి మాత్రం తెలియనివ్వకు, దానికి నెలలు నిండాయి."

గుమ్మంలో టీ కెటిలు పట్టుకుని బేగిమాయ్ నిలబడి ఉంది.

"ఏం చెరిగిపోయింది అత్తయ్యా?"

ఆమె కెటిలు కింద పెట్టి, నడుము పట్టుకుని మెల్లిగా లోపలికొచ్చింది. "మామయ్యదా? చెరగడమేంటి? నిన్న కూడా కంప్యూటర్లో చూశాను, ఉందే. మీరు రోజూ చూస్తున్నారు కదా?"

"లేదమ్మాయ్," అంది జూరా. ఇక దాచే ఓపిక అయిపోయింది. "ఎప్పుడూ చూడలేదు. నువ్వు చెప్పినట్టే బొత్తాం నొక్కి అడిగాను. లేదంది."

బేగిమాయ్ ముఖం తెల్లబోయింది. వైరు పెట్టడానికి వంగబోయింది, "నువ్వు వంగకు!" అని జూరానే వంగి వైరు పెట్టింది. పచ్చదీపం వెలిగి, పెట్టె మేలుకుని, తెర మీద బొమ్మలు వరస కట్టేసరికి ఆడవాళ్లంతా గిన్నెలు వదిలి తెర వైపు జరిగారు. మొట్టమొదట టోపీవాడు.

"నేను ఈ సినిమా ఎక్కించలేదే, వీడెవడు?" అంది బేగిమాయ్.

"వాడా, మొదట్నించీ ఉన్నాడుగా," అంది జూరా.

బేగిమాయ్ వాడి మీద నొక్కింది. తుపాకీ పేలలేదు. పచ్చగడ్డి కనిపించింది, దూరంగా మంచుకొండ, గాలి హోరు. చూలు గుర్రం ఒకటి పక్కకి పడుకుని ఉంది. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, గెడ్డం నెరిసీ నెరవని కెరిమ్‌కుల్.

"అయ్యో నా తమ్ముడో!" అని కులీపా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన గుర్రంతో మాట్లాడుతున్నాడు. "ఇంకొక్కసారి తల్లీ, ఒక్కసారి, అయిపోయింది," అంటున్నాడు. తడితడిగా, పొడుగు కాళ్లతో పిల్ల బయటపడింది. మక్సత్ సంతోషంతో కేక వేసినట్టున్నాడు, కెమెరా ఊగింది. ఆయన నెత్తురు చేతులు పైకెత్తి, తల తిప్పి, గుడారం వైపు అరిచాడు. "జూరా! ఓ జూరా! ఎక్కడున్నావే? తువ్వాలు తీసుకురా!"

ఇంట్లో జూరాని అమ్మా, అత్తయ్యా అంటారు. వీధిలో మక్సత్ వాళ్ల అమ్మ. కులీపాకి కోడలు. ఏడాది నుంచి ఆమెని ఎవరూ జూరా అనలేదు. ఆ పేరున్న మనిషి ఆయనతోనే పోయిందనుకుంది. చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయి, తెరనే చూస్తూ నిలబడింది.

వీడియో అయిపోయాక కులీపా ముక్కు చీదుకుని, తేరుకుని, మళ్లీ కులీపా అయింది. "అది సరేగానీ, మా వాడి ముందు ఆ తుపాకీ వెధవని ఎందుకు కూర్చోబెట్టావే?"

"నేను కాదు పెద్దత్తా, పెట్టే పెట్టుకుంది. మనం రాసిన పేరు చూసి, అది ఏ సినిమాయో అనుకుని, ఊరంతా వెతికి ఇంత బొమ్మ తెచ్చి తగిలించి, మన పేరు చెరిపి ఆ సినిమా పేరు పెడుతుంది. నేను కంప్యూటర్లో చూసుకుంటాను, అక్కడ బొమ్మలుండవు. నాకు తెలీలేదు."

"ఆయన పేరు పెడితే సినిమా అనుకుంటుందా?"

"ఆయన పేరు పెట్టలేదు." బేగిమాయ్ తల వంచుకుంది. "మామగారి పేరు నేనెలా రాస్తాను? రాద్దామనే కూర్చున్నాను, వేళ్లు ఆడలేదు. 'తెల్ల గుర్రం ఆయన' అని రాశాను. మీరే చెప్పారు కదా అత్తయ్యా, ఓసారి నూడుల్స్ పిండి పిసుకుతూ. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మీరు మామయ్యని అలా అనేవారట."

జూరా నోరు వెళ్లబెట్టింది. తనే చెప్పింది. తనే మర్చిపోయింది.

కులీపా తిట్టడానికి తెరిచిన నోటిని టీ గిన్నెకి ఆనించింది. ఆచారం దగ్గర ఆమె పోలీసు కంటే కఠినం, అలాంటిది పెట్టెలో కూడా పేరు రాయని కోడల్ని ఎక్కడని పట్టుకుంటుంది? చివరికి అడిగింది. "అయితే నా పెళ్లి వీడియో కూడా ఉందా అందులో? నా పేరేం రాశావు?"

"తీపిమాటల పెద్దత్త అని."

వెతికితే దొరికింది. భుజాలు బయటికున్న పరదేశపు పిల్ల ఒకతె కేకు ముక్క నోట్లో పెట్టుకుంటున్న బొమ్మ. ఆడవాళ్లు నవ్వలేక చచ్చారు. కులీపా ఆ బొమ్మని పరీక్షగా చూసి, "ఆ రోజుల్లో నేనలాగే ఉండేదాన్ని," అంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర బేగిమాయ్ కడుపు మీద చెయ్యి పెట్టి, "జాగ్రత్తగా ఉండవే కరెంటాఫీసూ," అని దీవించింది.

అందరూ వెళ్లాక, పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా, అత్తా కోడలూ గిన్నెలు కడిగారు. కోడలు కూర్చుని అందిస్తోంది, అత్తగారు తుడుస్తోంది.

"నేను చెప్పానని ఆయన పేరు పలికారా అత్తయ్యా?" అంది బేగిమాయ్ ఉన్నట్టుండి. "నిజంగా, ఆ రిమోటులో?"

"నీకోసమేంటి, ఆయన కోసం," అని కసిరింది జూరా. తర్వాత, "మూడుసార్లు," అంది సిగ్గుగా.

"నాకు ముందే చెప్పొచ్చుగా. నాలుగు నెలలు..."

"నువ్వు బెంగపెట్టుకుంటావని."

బేగిమాయ్ గిన్నె వదిలేసి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ తడి చేతిని బుగ్గకి ఆనించుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని లేచింది. "ఆ టోపీవాణ్ని తీసేసి మామయ్య ఫోటో పెడతాను. మీ అబ్బాయితో చెప్పి అసలు పేరు రాయిస్తాను."

"వద్దు," అంది జూరా. "టోపీవాణ్ని ఉండనీ పాపం. చలికాలమంతా ఆయనకి కాపలా కాశాడు, నా చేత తిట్లు తిన్నాడు. పేరు కూడా నువ్వు రాసిందే ఉండనీ. నేను అడిగితే పలికేటట్టు మాత్రం చెయ్యి."

బేగిమాయ్ కంప్యూటర్ ముందు కూర్చుని, పరదేశపు అక్షరాలు తీసేసి, తను మొదట రాసిన పేరు తిరిగి పెట్టింది. "ఇప్పుడు అడగండి," అని రిమోటు అత్తగారికిచ్చి, తను వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

జూరా గడియ పెట్టలేదు, తెర లాగలేదు. గిన్నెలు తుడిచిన తువ్వాలు భుజం మీద అలాగే ఉంది. బొత్తాం నొక్కి, కొత్త కోడలి గొంతుతో అంది.

"తెల్ల గుర్రం ఆయన."

టోపీవాడు పక్కకి తప్పుకున్నాడు. గాలి హోరు, గడ్డి, గుర్రప్పిల్ల. ఆయన చేతులు పైకెత్తి ఇటు తిరిగాడు.

"జూరా! ఓ జూరా! ఎక్కడున్నావే?"

"ఇదిగో, వస్తున్నా," అంది జూరా, తువ్వాలు చేతిలోకి తీసుకుంటూ.